ముప్ఫై ఒక్క సంతకాలు

లాజరు చనిపోయింది శనివారం సాయంత్రం నాలుగూ పదికీ, ఐదూ అయిదుకీ మధ్య. ఈ యాభై అయిదు నిమిషాల గురించి నాకూ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హనుమంతరావుకీ పేచీ లేదు. మిగతా అన్నిటి గురించీ ఉంది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నేను తెనాలి ప్యాసింజర్లో రేపల్లె దిగేసరికి మోకాళ్ళు రెండూ మొరాయించాయి. నాకు యాభై ఆరేళ్ళు. పోలీసు ఉద్యోగం వదిలి ఇరవై రెండేళ్ళయింది. తెనాలి బోసు రోడ్డులో మేడమీద గది, తలుపు మీద ‘సీతారామాంజనేయులు, ప్రైవేటు పరిశోధన’ అని ఓ బోర్డు. వచ్చేవన్నీ పెళ్ళిసంబంధాల వాకబులే. పిల్లవాడు తాగుతాడా, పేకాడతాడా, ఇదీ నా పరిశోధన. హత్య కేసులు వస్తే వద్దంటాను. విజయమ్మని మాత్రం వద్దనలేకపోయాను.

ఆదివారం మొగుణ్ణి సమాధి చేసి, సోమవారం తెల్లారేసరికి నా గదిముందు కూచుని ఉంది.

“ఎవరు చంపారో పోలీసులు చూసుకుంటారు బాబుగారూ. మా ఆయన ద్రోహి కాదని మీరు తేల్చండి, చాలు. పెట్టె మొయ్యడానికి నలుగురు రాలేదండి. ముగ్గురే వచ్చారు. నాలుగో కొస నేను పట్టుకున్నాను” అంది.

ఆమె చెప్పిన కథ ఇది. పంతొమ్మిది వందల నలభై ఆరు ఫిబ్రవరి. బొంబాయి రేవులో నావికులు తెల్లదొరల మీద తిరగబడ్డారు. లాజరు ‘పినాకిని’ అనే చిన్న యుద్ధనౌకలో వైర్‌లెస్ మనిషి. బాపట్లవాడు బాలస్వామి అదే ఓడలో బాయిలర్ దగ్గర. ఆరో రోజుకి దేశ నాయకులంతా లొంగిపొమ్మన్నారు. పడవలో ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయుధాలు అప్పగిస్తే ఏ ఒక్కరికీ శిక్ష ఉండదన్నాడు. నోటిమాట చాలదు, రాసిమ్మన్నారు వీళ్ళు. రాశాడు, రెండు ప్రతులు, ఒకటి దొరలకి, ఒకటి వీళ్ళకి. ఆయుధాలు దించాక రెండిటి కిందా ముప్ఫై ఒక్కరూ సంతకాలు పెట్టారు. వరసగా కాదు, గుండ్రంగా. ఓడవాళ్ళకి అదో పాత అలవాటట. చక్రంలా పెడితే మొదటివాడెవడో, ఆఖరివాడెవడో తెలియదు. మొదటివాడు తెలిస్తే వాణ్ణే నాయకుడని పట్టుకుంటారు.

సంతకాలైన మూడో రోజున ముగ్గురి పేర్లు పిలిచారు. సరిగ్గా మొదట సంతకం పెట్టిన ముగ్గురూ, పెట్టిన వరసలోనే. శిక్ష ఉండదన్నారు కదా అని అడిగితే, “శిక్ష ఉండదన్నాం గాని, విచారణ ఉండదన్నామా?” అన్నారట. మొదటి పేరు బాలస్వామిది. ఆ విచారణ దెబ్బలకి వాడి ఎడమ చెవి వినికిడి పోయింది. అందర్నీ మూణ్ణెల్లు క్యాంపులో ఉంచి, ఉద్యోగం పీకేసి, రైలెక్కించారు.

వరస ఎవరు చెప్పారు? తమ ప్రతి మొదట్నించీ లాజరు దగ్గరే ఉంది; ఆఫీసరు మాట తప్పాక, సోదాలో దొరికితే ముప్పని దాన్ని సముద్రంలో పారెయ్యమన్నారు, పారేశానని ఒట్టేశాడు. దొరల ఆఫీసుకీ ఓడకీ మధ్య కబుర్లు మోసిందీ లాజరే. ఇంకేం కావాలి? ఇరవై ఆరేళ్ళు ద్రోహి అనిపించుకున్నాడు. రేపల్లెలో రేడియోలు బాగుచేసుకుంటూ, తలొంచుకుని బతికాడు.

సోమవారం మధ్యాహ్నమే నేను బాపట్ల వెళ్ళాను. బాలస్వామి అక్కడ ఒక రైసు మిల్లులో బాయిలర్ మనిషి. నేను వెళ్ళేలోపే హనుమంతరావు మనుషులు పన్నెండింటికి వచ్చి వాణ్ణి రేపల్లె తీసుకుపోయారు. మిల్లులో చెరిగే పని చేసే కోటేశ్వరమ్మ దొరికింది.

“శనివారం ఐదింటికి బాలస్వామి మిల్లు కూత వేశాడా?”

“వెయ్యకపోతే మేం ఇంటికెట్టా పోతామయ్యా? వేశాడు. రోజూ రెండు పొట్టి కూతలేస్తాడు, ఓడలో అట్టాగే గంట కొడతారంట. శనివారం మాత్రం పొడుగ్గా ఒకటే వచ్చింది. నీళ్ళు చాల్లేదేమో.”

బాపట్లలో ఐదింటికి కూత వేసినవాడు రేపల్లెలో ఐదూ అయిదులోపు మనిషిని చంపలేడు. రాసుకున్నాను. మిగతాది చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. వయసని సరిపెట్టుకుందామంటే సిగ్గేస్తోంది.

మంగళవారం రేపల్లె పోలీసు స్టేషన్లో హనుమంతరావు లేచి నుంచుని మరీ నమస్కారం పెట్టాడు. ఒకప్పుడు నా కింద ఎస్సైగా పని నేర్చుకున్నవాడు. నన్ను గురువుగారూ అని పిలుస్తాడు. అందులో వేళాకోళం ఎంతో, గౌరవం ఎంతో ఈనాటికీ నాకు తెలియదు.

“పెళ్ళిసంబంధమా గురువుగారూ?”

“బాలస్వామి సంబంధం. ఏ ఆధారం మీద లోపలేశావు?”

“ఇరవై ఆరేళ్ళ నుంచీ లాజరు రక్తం కళ్ళజూస్తానని బాపట్లంతా చాటాడు. అది చాలదా?”

“చంపుతానన్న ప్రతివాణ్ణీ పట్టుకుంటే ముందు మన జిల్లాలో అత్తగార్లంతా జైల్లో ఉండాలి. ఐదింటికి వాడు బాపట్లలో కూత వేశాడు. ఊరంతా విన్నది. పన్నెండింటికి ఇరవై నాలుగు గంటలు నిండుతాయి. ఈ ముఖం పెట్టుకుని మేజిస్ట్రేటు దగ్గరికి వెళతావా?”

“లాజరుని చూశారా మీరు? కణత మీద దెబ్బ. సామాను పట్టి బిగించడానికి బల్లకి తగిలించిన ఇనప వైసు మీద పడ్డాడు. వాడంతట వాడు పడలేదు. చొక్కా గుండీలు రెండు తెగి ఉన్నాయి. తెంపినవాడు బలవంతుడు. మీ బాయిలర్ మనిషి చేతులు చూశారా?”

“చేతులు చూసి ఉరి తీస్తారా? వదిలెయ్. నేను పూచీ.”

హనుమంతరావు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. “సరే. మీ మాట మీద వదిలేస్తున్నాను. ఊరు దాటకుండా మీ వెంట ఉంచుకోండి” అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అర్థం కావలసింది. గెలిచాననుకున్నాను. గెలిచి చాలా ఏళ్ళయింది మరి, రుచి మర్చిపోయాను.

బాలస్వామి నల్లగా, గడపమానులా ఉన్నాడు. నా కుడిపక్కకి వచ్చి నడవబోయి, మళ్ళీ ఎడమపక్కకి మారాడు. నా మాట వినపడాలంటే వాడి కుడిచెవి నావైపుండాలి.

“మీరూ పోలీసే గదండీ ఒకప్పుడు” అన్నాడు.

“ఇప్పుడు కాదు. నాతో ఉన్నంతసేపూ నీకేం కాదు. పూచీ నాది.”

నవ్వాడు. “ఆ మాట నేను కాగితం మీద కూడా చూశానండి, దొర సంతకంతో సహా.”

 ఇరవై రెండేళ్ళ కిందట కొల్లిపర అవతల లంకలో దాక్కున్న ఒక మనిషిని ‘బయటికి రా, నీ ఒంటి మీద చెయ్యి పడదు’ అని పిలిచింది నేనే. నన్ను చూసి వచ్చాడు. తెల్లారేలోగా చెయ్యి పడింది. మర్నాడు రాజీనామా రాసిచ్చాను గాని, దానివల్ల వాడికేం ఒరిగింది?

పదకొండున్నరకి లాజరు షాపు తాళం విజయమ్మ తీసింది. బాలస్వామిని పక్కనున్న పున్నయ్య టీ కొట్లో కూచోబెట్టాను. టీ కొట్టుకీ షాపుకీ మధ్య గోడ లేదు, తాటాకు తడికే.

ముందు పున్నయ్యని అడిగాను. 

“నాలుగూ పదికి లాజరే వచ్చి రెండు టీలు పట్టుకెళ్ళాడండి.”

“రెండోది ఎవరికి?”

“లోపల ఎవరో ఉన్నారండి. వీపే కనపడింది. నాలుగున్నరకి కరెంటు పోయింది. ఐదూ అయిదుకి వచ్చింది. రాగానే అతను బాగుచేస్తున్న రేడియో ఊరంతా వినపడేట్టు మోగిందండి. తగ్గించవయ్యా బాబూ అని ఎంత అరిచినా తగ్గించలేదు. ఐదూ నలభైకి విజయమ్మొచ్చి చూసి కేకేసింది.”

ఇదీ ఆ యాభై అయిదు నిమిషాల లెక్క. బతికున్నవాడెవడూ ఆ మోత భరించడు.

షాపు ఎనిమిదడుగుల గది. బల్ల, బల్ల మూల ఇనప వైసు, దాని దవడ మీద ఎండిన నెత్తురు. రెండు స్టూళ్ళు. రెండు టీ గ్లాసులు. ఒకటి ఖాళీ, రెండోది నిండుగా ఉండి మీద మీగడ కట్టింది. తాగనిది ఎవరిదని విజయమ్మని అడిగాను.

“గోడవైపు స్టూలు మా ఆయనదండి. ఖాళీ గ్లాసు అటుంది. వచ్చినాయన తాగలేదు.”

“శనివారం పొద్దున్న ఏమైనా చెప్పాడా?”

“ఇస్త్రీ చొక్కా తీయించుకున్నాడండి. ‘ఇవాళ్టితో తేలిపోద్ది విజయా’ అన్నాడు. ఏంటని అడిగితే సాయంత్రం చెబుతానన్నాడు.”

మేకుకి గుచ్చిన పాత పేపర్ల కట్ట ఒకటి కనపడింది. తీసి చూస్తే ప్రతి పేపరు అంచునా ఒక చక్రం. చక్రం చుట్టూ ఊదారంగు పెన్సిలుతో పేర్లు. అవే పేర్లు, మళ్ళీ మళ్ళీ. లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. పొద్దున హనుమంతరావు నవ్వుతూ చెప్పింది వీటి గురించే. “చేతబడి యంత్రాలు రాసుకున్నాడు గురువుగారూ, కిరస్తానీవాడై ఉండి” అన్నాడు. బల్ల సొరుగులో ఆ పెన్సిలు దొరికింది. తడి తగిలితే ఊదారంగు తేలే రకం, పోస్టాఫీసుల్లో వాడేది. మొన అరిగి చిటికెనవేలి కొసలా ఉంది. దాని పక్కనే పదునైన చాకు.

చాకు పక్కనే ఉండగా పెన్సిలు ఎందుకు చెక్కుకోలేదు? ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అలమరలో బాగుచెయ్యడానికి వచ్చిన రేడియోలు పదకొండు. ప్రతిదానికీ సొంతదారు పేరూ తారీఖూ రాసిన చీటీ. అడుగు అరలో ఉన్న పాతదాని చీటీ మీద ‘పినాకిని, 23-2-46’ అని ఉంది. వెనక అట్ట మీద దుమ్ము, మరలు మాత్రం తళతళలాడుతున్నాయి. విప్పాను. నూనెగుడ్డలో చుట్టిన కాగితం.

“ఇది సముద్రంలో పారేశాడన్నారే” అన్నాను.

విజయమ్మ దగ్గరకొచ్చి వంగి చూసింది. “నాకూ అదే చెప్పాడండి.”

పైన ఇంగ్లీషులో ఆఫీసరు రాత. ఆయుధాలన్నీ అప్పగించినచో ఏ ఒక్కరికీ శిక్ష ఉండదు. కింద సంతకం, తారీఖు. ఒకడు ఇచ్చిన మాటకి లోకంలో మిగిలిన సాక్ష్యం అదొక్కటే. ఎందుకు పారెయ్యలేదో నాకు తెలిసినట్టే అనిపించింది. నేనైనా పారెయ్యలేను.

దాని కింద చక్రం, అదే రకం ఊదారంగు పెన్సిలు రాత. లాజరు భూతద్దం పెట్టి ఒక్కో పేరూ చూస్తూ చుట్టూ తిరిగాను. ఒకచోట సూదితో గీసినట్టు సన్నని గీత. దాని తర్వాత పేరు కాస్త లావు. ఆ తర్వాతది ఇంకాస్త. పంజాబీ పేర్లు, మలయాళీ పేర్లు, బెంగాలీ పేర్లు, పోనుపోను లావెక్కుతూ వచ్చి, ఆఖరుకి అలికినట్టుగా ఉన్న ఒక పేరు. ఆ లావు పేరు సరిగ్గా ఆ సన్నని పేరు పక్కనే కూచుని ఉంది.

“విజయమ్మగారూ, ఆయుధాలు అప్పగించినప్పుడు చాకులు కూడా ఇచ్చేశారా?”

“ఆకరికి వంటింట్లో కూరలు కోసే కత్తి కూడా లాక్కున్నారని చెప్పేవాడండి.”

 ముప్ఫై ఒక్క మంది, ఒక్క పెన్సిలు, చెక్కడానికి ఓడలో చాకన్నది లేదు. వరస దాచడానికి చక్రం గీశారు. ఆ చక్రమే మొదటివాణ్ణీ ఆఖరివాణ్ణీ పక్కపక్కన కూచోబెట్టి చూపించింది. దొరల దగ్గరున్న ప్రతీ ఇలాంటిదే, కాస్త పరకాయించి చూస్తే చాలు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే లేదు.

లాజరు పాపం అదే కనిపెట్టాడు. మళ్ళీ మళ్ళీ రాసి, చెక్కకుండా రాసి, తనకు తనే రుజువు చేసుకున్నాడు.

విజయమ్మకి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. ఏడవలేదు. కొంగుతో బల్ల తుడిచింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

“ఆ ముక్క బాలస్వామికి చెప్పండి బాబుగారూ. నా ఎదుట చెప్పండి.”

పన్నెండూ ఇరవైకి బాలస్వామి లోపలికొచ్చాడు. వైసు వైపు చూడలేదు. గదిలోకొచ్చిన ప్రతివాడూ ముందు చూసేది దాన్నే. అదీ నేను గమనించాను, గమనించి ఊరుకున్నాను.

కాగితం బల్లమీద పరిచాను. వాడి కుడిచెవి వైపు నుంచుని, నిదానంగా, అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పాను. సన్నగా ఉన్నది నీ పేరు. లావుగా ఉన్నది లాజరు పేరు. మొదట నువ్వు, ఆఖర్న వాడు. మధ్యలో పెన్సిలు ఎట్టా అరిగిందో చూడు. ద్రోహం చేసింది పెన్సిలయ్యా, మనిషి కాదు.

బాలస్వామి భూతద్దం తీసుకోలేదు. వేలు పెట్టి ఒక్కో పేరూ తడుముతూ చుట్టూ తిరిగాడు. వేలు తిరిగి తిరిగి లాజరు పేరు మీదికొచ్చి ఆగింది. 

“ఎవుడూ చెప్పలేదా?”

“ఎవడూ చెప్పలేదు.”

“మరి ఇది పారేశానన్నాడే! అబద్ధం ఎందుకాడాడు? శనివారం ఇది నా ముందు పెట్టేసరికి...” అని ఆగిపోయాడు.

అప్పుడు వినపడింది నాకు, కోటేశ్వరమ్మ చెప్పిన మిల్లు కూత. పొడుగ్గా, ఒకటే. అది వేసింది బాలస్వామి కాదు. ఓడలో గంట కొట్టని చెయ్యేదో వేసింది.

“రమ్మని ఉత్తరం రాశాడండి. తేలిపోద్దని రాశాడు. నా చోట ఇంకొకణ్ణి నిలబెట్టి మజ్జాన్నం బస్సెక్కా. టీ ఇచ్చాడు. ఈ కాగితం తీసి పెట్టాడు. చూడగానే నా ఒళ్ళు మండిపోయింది. పారేశానని ప్రమాణం చేసినోడి దగ్గర కాగితం ఉందంటే, ఆళ్ళకి వరస చెప్పలేదన్నదీ అబద్ధమేనని... చొక్కా పట్టుకుని ఒక్క తోపు తోశానండి. చంపాలని కాదు. లేస్తాడనుకున్నా. కరెంటు పోయింది. లేవలేదు. ఈ కాగితం చింపబుద్ధి కాలేదండి, ఆడు తీసిన రేడియోలోనే పెట్టి మరలు బిగించి పోయా.”

“వాడేం చెప్పలేదా నీకు?”

“ఏంటో చెబుతూనే ఉన్నాడండి. పెన్సిలు అంటా సొరుగు చూపిస్తానే ఉన్నాడు. నేను వినలేదు.”

విజయమ్మ అడిగింది. “ఏ చెవి నీకు వినపడంది?”

ఎడమ చెవి పట్టుకుని చూపించాడు.

“ఆయన గోడవైపే కూచుంటాడు. నువ్వు ఈ స్టూలు మీద కూచుంటే ఆ చెవే అటుంటది” అంది. 

తడిక అవతల గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడయింది. హనుమంతరావు తడిక పక్కకి జరిపి, మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

“నాకు చెబితే కోర్టులో చెల్లదు గురువుగారూ. నా కస్టడీలో ఉండి ఎవరికి చెప్పినా చెల్లదు. స్వేచ్ఛగా తిరిగేవాడు మీలాంటి పెద్దమనిషికి చెబితే చెల్లుతుంది. మీ దగ్గర నేర్చుకున్నదే.”

“వదిలేస్తానన్నావు!”

“వదిలేశాను. మళ్ళీ పట్టుకోనన్నానా?”

ఇదే మాట ఇరవై ఆరేళ్ళ కిందట బొంబాయి రేవులో ఒక తెల్లవాడన్నాడు. అప్పుడు ఇంగ్లీషు, ఇప్పుడు తెలుగు, అంతే తేడా. కొట్టాలనిపించింది. నా మోకాళ్ళకి ఆ ఓపిక లేదు.

“నేను సాక్ష్యం చెప్పను. నాకేం వినపడలేదు” అన్నాను.

“మీ ఇష్టం. మీరు లేకపోతే కేసు లేదు. వీడు ఇంటికి పోతాడు. ఆ కాగితం మాత్రం చేతబడి కాగితాల్లో కలిసిపోతుంది. లాజరు ఎవడో, ఏం కనిపెట్టాడో ఏ కోర్టూ వినదు.” విజయమ్మ వైపు చూడకుండా అన్నాడీ మాట. అంతమాత్రం సిగ్గు మిగిలుంది.

నేను విజయమ్మకి మాట ఇచ్చాను, ఆమె మొగుడి పేరు నిలబెడతానని. బాలస్వామికి మాట ఇచ్చాను, నీకేం కాదని. ఒక్క రోజు తేడాలో రెండూ ఇచ్చాను, రెండూ మనస్ఫూర్తిగానే. ఏదో ఒకటి తప్పక తీరదు. అలసట అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. 

బాలస్వామి వంగి సొరుగులోంచి ఆ ఊదా పెన్సిలు తీశాడు. చాకు కూడా తీసి నా ముందు పెట్టాడు.

“రాయండయ్యా. నేను చెప్పిందంతా రాయండి. లాజరు ఎవరికీ చెప్పలేదని ముందు రాయండి.”

“బాలస్వామీ, నీకు నేను పూచీ అన్నాను.”

“అన్నారు. దాన్ని నేను వాపసు ఇచ్చేస్తన్నా. మీరు తప్పినట్టు కాదు. మీరు రాయకపోతే ఆడు ఇంకా ద్రోహిగానే ఉంటాడు. ఒక్కసారి చంపా, చాలు.”

చాకుతో పెన్సిలు చెక్కాను. రాశాను. రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ చెక్కాల్సి వచ్చింది. 

రాయడం అయ్యాక కాగితం కింద నా సంతకం పెట్టబోయాను. బాలస్వామి నా చేతిలోంచి పెన్సిలు తీసుకున్నాడు.

“ఉండండయ్యా. ఆరోజూ మొదట పెట్టింది నేనే. ఇవాళా నేనే పెడతా. ఈసారి చక్రం అక్కర్లేదు” అన్నాడు.

మొన నాలిక మీద తడిపి, అందరికంటే పైన, సన్నగా పెట్టాడు.